పాత తోటలకు కొత్త వారసులు

సూరత్ కతార్‌గామ్ దర్వాజా ప్రాంతంలో డచ్చి వాళ్ల పాత శ్మశానవాటిక ఉంది. అందులో అన్నిటికంటే భారీ కట్టడం హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి. డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున మలబారులో అధికారం చేసిన ఈ మనిషి పేరు ఇవాళ్టికీ మిగిలింది మొక్కల వల్ల. కేరళ మొక్కల మీద 12 సంపుటాల 'హోర్తుస్ మలబారికుస్' ఆయన పూనికతో తయారై, 1678 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. 742 మొక్కల వివరం అందులో ఉంది. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మణులు చెప్పిన విద్య మీదే ఆ గ్రంథం నిలబడింది. 1691 డిసెంబరులో బొంబాయి తీరంలో ఓడ మీదే వాన్ రీడ్ కన్నుమూశాడు. శవాన్ని సూరత్ తెచ్చి పూడ్చారు. సమాధి ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుమ్మటాన్నీ గోడనూ శాఖ చూసుకుంటుంది. మొక్కల కోసం అంత పాటుపడ్డ మనిషి చుట్టూ ఏ మొక్కలు పెరగాలన్నది మాత్రం ఊళ్లో ఎవరో ఒకరు పట్టుబట్టి అడిగితే తప్ప తేలే విషయం కాదు.

ఇలాంటి చోట్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. కట్టినవాళ్లు పోయారు. వాళ్ల పేరు చెప్పుకుని ముందుకొచ్చే వంశమూ లేదు. జాగీరు పోయింది, కంపెనీ పోయింది, రాజ్యం పోయింది. తోట మిగిలింది, లేదంటే ఒకప్పుడు తోట ఉండిన జాగా మిగిలింది. సూరత్‌లోనూ మన హైదరాబాదులోనూ గడిచిన పదిహేనేళ్లుగా ఈ జాగాలను బాగుచేసే పని సాగుతోంది. ఎంత ఖర్చయింది, ఎంత బాగా వచ్చింది, ఎవరొచ్చి ప్రారంభించారు అన్న లెక్కలు పత్రికల్లో వస్తాయి. నేను ఇంకో కొలతతో వీటిని పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాను. బాగుచేశాక ఆ జాగా ఎవరిదైంది? రేపు పైపు పగిలితే, మొక్క వాడిపోతే, మాదీ అనుకుని పరిగెత్తుకొచ్చేది ఎవరు? పాత తోటకు రక్తసంబంధం ఉన్న వారసులు దొరకరు. బాగుచేసే పనిలోంచే కొత్త వారసులు పుట్టాలి. పుట్టారా లేదా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

ముందు సూరత్. 16వ శతాబ్దం మొదట్లో గుజరాత్ సుల్తానుల కొలువులో మలిక్ గోపీ మాటకు చాలా విలువ ఉండేది. బ్రాహ్మణుడు, వర్తకుడు, అధికారి, పోర్చుగీసు వాళ్లతో స్నేహంగా ఉందామన్న పక్షానికి పెద్ద. ఊళ్లో ఆయన పేరున వెలసిన పేట గోపీపురా. ఆయన తవ్వించిన చెరువు గోపీ తలావ్. రాణీ తలావ్ ఆయన భార్య వల్ల వచ్చిన పేరని జనం చెప్పుకుంటారు. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే, 1666లో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో గోపీ తలావ్‌ను చూసి విశేషంగా రాశారు. పలకలు తీరిన రాతి కట్టడం, నీళ్లలోకి దిగే మెట్లు. నీళ్లు అరుదైన దేశాల మీదుగా వచ్చిన ఆ ఇద్దరికీ అది వింతగానే తోచి ఉంటుంది. తరవాతి కాలంలో చెరువు ఎండింది, రాళ్లు చెదిరాయి. 2010ల మొదటి సగంలో సూరత్ నగరపాలక సంస్థ దాన్ని మళ్లీ తవ్వించి, మెట్లు పేర్చి, నీళ్లు నింపి, చుట్టూ తోట వేసి, ఫౌంటెన్లూ దీపాలూ పెట్టి, టిక్కెట్టు మీద జనానికి తెరిచింది.

ఈ పనిని తేలిగ్గా తీసేయడానికి లేదు. మన నగరపాలక సంస్థల్లో చాలావాటికి ఎండిన చెరువు కనిపిస్తే ముందు గుర్తొచ్చేది వాణిజ్య సముదాయం. సూరత్ అలా చేయలేదు. ఆ సంస్థకు ఈ శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే 1994 సెప్టెంబరు నాటి ప్లేగు దగ్గరికి వెళ్లాలి. జనం రైళ్లకు వేలాడుతూ ఊరొదిలి పారిపోయిన రోజులవి. మరుసటి ఏడు మే నెలలో మన తెలుగు అధికారి ఎస్.ఆర్. రావు కమిషనరుగా వచ్చారు. ఊరిని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోనుకు అధికారమూ బాధ్యతా ఒక్కరికే అప్పగించి, పొద్దున్నే అధికారులంతా గదులొదిలి వీధుల్లో ఉండాలని నియమం పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే దేశంలోని శుభ్రమైన ఊళ్లలో చండీగఢ్ తరవాత సూరత్ పేరు వినిపించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోరుతో కలిసి మొదటి స్థానం కూడా తెచ్చుకుంది. షాజహాను కాలంలో, 1644లో హజ్ యాత్రికుల కోసం కట్టిన ముగల్ సరాయిలోనే ఈ సంస్థ ప్రధాన కార్యాలయం నడుస్తోంది. 16వ శతాబ్దపు కోటను బాగుచేయించిందీ ఈ సంస్థే. 2006 ఆగస్టులో తాపీ నది ఊరంతా ముంచెత్తాక మళ్లీ లేచి నిలబడ్డదీ ఈ సంస్థ వల్లే. పాత కట్టడాన్ని ఎలా వాడుకోవాలో తెలిసిన సంస్థ ఇది.

అయితే ఆ సమర్థతలోనే గోపీ తలావ్ లోటు కూడా ఉంది. ఊరంతటినీ శుభ్రం చేసే సేవ పైనుంచి కిందికి వస్తుంది. పౌరుడు పన్ను కట్టి సేవ అందుకుంటాడు. చెత్తబండికి ఆ పద్ధతి సరిపోతుంది. నాలుగైదు వందల ఏళ్ల చెరువుకూ తోటకూ అదే పద్ధతి తెచ్చిపెడితే పౌరుడు చూడవచ్చినవాడిగా మిగిలిపోతాడు. టిక్కెట్టు కొన్నవాడు ఫౌంటెన్ ఆగిపోతే ఫిర్యాదు చేస్తాడు, పాదు తీయడానికి మాత్రం వంగడు. వంగమని అతణ్ని ఎవరూ పిలవలేదు కూడా. కట్టమీద కూర్చుంటే బాగుంటుంది, పిల్లలు ఆడుకుంటారు, సాయంత్రం దీపాలు వెలుగుతాయి. మలిక్ గోపీ ఎవరో, నీళ్లు ఏ దారిన వచ్చేవో, ఆ మెట్ల మీద ఎవరు బట్టలుతికేవారో తెలుసుకోకుండానే మనిషి ఇంటికి వెళ్లిపోవచ్చు.

దీనికి సూరత్ జనాన్ని తప్పుపట్టడం అన్యాయం. ఆ ఊరి జనంలో బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే ఎక్కువ. వజ్రాలు సానపట్టే సౌరాష్ట్ర వాళ్లు, మరమగ్గాల మీద ఒడియా వాళ్లు, మహారాష్ట్ర వాళ్లు, మన పద్మశాలీలు. పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు లింబాయత్, ఉధ్నా వైపు తెలుగు బస్తీలు కట్టుకున్నారు. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఇంతమంది పాటుపడే జనం ఉన్న ఊళ్లో స్వచ్ఛందంగా పనిచేసే గుణం లేకపోవడం ఏమిటి? లేకేం, నిండా ఉంది. కాకపోతే అది సొంతూళ్లకు పోతుంది. సూరత్ వజ్ర వ్యాపారులు సౌరాష్ట్ర జలధారా ట్రస్టు ద్వారా సౌరాష్ట్ర పల్లెల్లో చెక్‌డ్యాములు కట్టించారు, చెరువుల పూడిక తీయించారు. మథుర్ సవాణి పేరు ఆ పనితోనే దేశానికి తెలిసింది. మన మగ్గం కార్మికుడు కూడా అంతే. గుడికో బడికో చందా ఇవ్వాలనుకుంటే సిరిసిల్ల దారి పట్టిన బస్సు ఎక్కుతాడు. పుట్టిన ఊరి మీద మమకారం ఉండటం తప్పు కాదు. అయితే బతుకుతున్న ఊరి పాత చెరువూ పాత తోటా ఈ మమకారం లెక్కలోకి రాకుండా పోతున్నాయి. మలిక్ గోపీకి సూరత్‌లో ఇవాళ చుట్టాలు లేరు.

ఇప్పుడు సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట. 1933లో బ్రిటిష్ రెసిడెంటు కీస్ హయాంలో, సేఠ్ బన్సీలాల్ విరాళంతో ఆ చోటును మాదిరి బస్తీగా తీర్చి, దాత పేరు పెట్టారు. అంతకు ముందు అది నాగన్నకుంట. అక్కడ పెద్ద దిగుడుబావి ఉంది. నల్లా నీళ్లొచ్చాక బావిని పట్టించుకునేవారు లేకపోయారు. చుట్టూ బస్తీ పెరిగింది, ఇళ్ల చెత్తంతా అందులోకే పోయింది. దశాబ్దాలకు బావి నోరు కూడా కనిపించకుండా పోయింది. ఆర్కిటెక్టు కల్పనా రమేశ్ నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్టు, సహే సంస్థ, జీహెచ్‌ఎంసీ కలిసి 2021లో దాన్ని తవ్వడం మొదలుపెట్టాయి. 2022 మార్చి 27న ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆ బావి పేరెత్తారు. అదే ఏడు డిసెంబరు 5న బావి జనానికి తెరుచుకుంది.

ఇలాంటి బావిలో పూడిక ఎలా తీస్తారో తెలిస్తే ఆ పని విలువ అర్థమవుతుంది. పైన పాలిథిన్ సంచులు, పాత పరుపులు, పగిలిన కుర్చీలు ఉంటాయి. వాటి కింద ఇళ్లు కూల్చిన మట్టి, ఇటుక ముక్కలు. అంతవరకూ యంత్రంతో తోడవచ్చు. ఆ తరవాత రాయి అంచు తగిలిందంటే యంత్రం ఆపి తట్టా పారా పట్టుకోవాలి. ఏది పూడికో ఏది మెట్టో చేతికి తెలిసినట్టు ఇనప తొండానికి తెలియదు. రాళ్ల సందుల్లోకి రావి వేళ్లు దిగి ఉంటాయి. వేరు కనిపించింది కదా అని లాగితే రాయి కూడా ఊడి వస్తుంది. పైన కోసి, వేరు చివికి ఎండేదాకా ఆగి, ముక్కలు ముక్కలుగా తీసి, సందును సున్నంతో నింపాలి. సిమెంటు పెడితే తడి లోపలే చిక్కుకుని పాత రాయి పొరలు పొరలుగా రాలుతుంది. గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ, మారేడు గుజ్జు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. ఇంత ఓపిక కావలసిన పనిని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు రోజూ కిటికీలోంచి చూశారు. తమ చెత్తే తమ కళ్లముందు బయటికి రావడం చూశారు. మళ్లీ అందులో చెత్త వేయాలంటే చెయ్యి రాకపోవడానికి ఆ చూపే చాలని నా నమ్మకం.

గోపీ తలావ్‌కూ దీనికీ ఉన్న తేడా అక్కడే ఉంది. రెండుచోట్లా ప్రభుత్వ సొమ్మూ యంత్రాలూ ఉన్నాయి. బన్సీలాల్‌పేటలోనూ లారీలు తోలింది నగరపాలక సంస్థే. కానీ ఇక్కడ ప్రశ్న వేసినవాళ్లు సంస్థ బయటివాళ్లు. బావిని బాగుచేయాలని పట్టుబట్టి, ముసలివాళ్లను అడిగి, బస్తీవాళ్లను ఒప్పించి, అధికారుల చుట్టూ తిరిగి, దాతలను వెతికి తెచ్చినవాళ్లు ఉన్నారు. పని మొదలుకాక ముందే బావికి ఒక పక్షం తయారైంది. సూరత్‌లో పని పూర్తయ్యాక జనాన్ని లోపలికి రమ్మన్నారు. సికింద్రాబాదులో జనం ఉండగానే పని జరిగింది.

అలాగని బన్సీలాల్‌పేటను గుడ్డిగా నెత్తిన పెట్టుకోను. ఒక మనిషి పట్టుదల, ఒక చిన్న సంస్థ శ్రమ మీద నిలిచిన పనికి ఆ మనిషి అలిసిపోయిన రోజు ఏమవుతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. పైగా బావి వేరు, తోట వేరు. బావి పూడిక తీశాక ఊట తనంతట తాను ఊరుతుంది. ఏడాదికోసారి పైన తేలిన ఆకులూ అడుగు బురదా తీస్తే సరిపోతుంది. తోటకు ఏడాదికోసారి పనికొచ్చే ఉత్సాహం చాలదు, దానికి రోజూ దాహమే.

అందుకే మౌలాలి గుట్ట కింద ఉన్న మహలకా బాయి తోట ఈ పోలికలో కీలకం. మహలకా బాయి చందా 1768లో పుట్టింది. రెండో నిజాం నిజాం అలీ ఖాన్ కొలువులో పాట, నాట్యం, కవిత్వం మూడింటా మన్నన పొందింది. తన ఉర్దూ గజళ్లు దివానుగా కూర్చుకున్న తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు. జాగీర్లు సంపాదించింది. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలబడ్డ అడిక్‌మెట్ భూముల్లో ఆమె జాగీరూ ఉంది. తల్లి రాజ్‌కువర్ బాయి కోసం 1792లో గుట్ట కింద సమాధి కట్టించి, చుట్టూ నాలుగు భాగాల చార్‌బాగ్ వేయించింది. మసీదు, బావి, బస చేసేందుకు వసారాలు ఉన్నాయి. 1824లో చనిపోయాక ఆమెనూ తల్లి పక్కనే ఖననం చేశారు. తన సొమ్ముతో తన తల్లి కోసం ఒక స్త్రీ కట్టించిన తోట అది. హైదరాబాదులోని ఎన్ని నవాబు దేవిడీలతో పోల్చినా నాకు ఈ ఆవరణే గొప్పగా కనిపిస్తుంది.

2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధితో, హైదరాబాదులోని దక్కన్ అధ్యయన సంస్థ చేతుల మీదుగా ఆ ఆవరణను బాగుచేశారు. 2011లో ప్రారంభమైంది. ఇక్కడ ప్రశ్న వేసినవాళ్లు పండితులు. మహలకా ఎవరో, ఆమె కవిత్వం ఏమిటో, తోట నమూనా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు. అందువల్ల పనిలో చరిత్ర పట్ల గౌరవం ఉంది. గోపీ తలావ్‌లో దీపాల కాంతి ఎక్కువ, చెరువు కథ తక్కువ. మౌలాలిలో కథ నిండుగా ఉంది. అయినా నా కొలతకు మౌలాలి కూడా పూర్తిగా నిలబడదు. నిధి అన్నది ఒక రోజు మొదలై ఒక రోజు అయిపోయేది. చార్‌బాగ్ అంటే నడవలు ఎత్తుగా, మొక్కల మడులు లోతుగా, మధ్యన కాలువల్లో నీళ్లు పారుతూ ఉండే ఏర్పాటు. మడిలో దానిమ్మో నిమ్మో మల్లెపొదో వేసి కాలువ నీటితో తడపాలి. కాలువలో నీరు ఆగితే చార్‌బాగ్ ఆకారం మిగులుతుంది, ప్రాణం పోతుంది. ఆ కాలువను రోజూ చూసుకునే ఇరుగుపొరుగును తయారుచేయడం ఏ నిధి పత్రంలోనూ ఒక ఖర్చు పద్దుగా ఉండదు. ఉండాలి.

ఏళ్ల తరబడి పని సాగిన చోట్లూ ఉన్నాయి. ఢిల్లీ హుమాయూన్ సమాధి తోటను ఆగాఖాన్ ట్రస్టు 1997 నుంచి 2003 దాకా బాగుచేసింది. కాలువల్లో మళ్లీ నీళ్లు పారించింది, మామిడి, నిమ్మ, వేప, మల్లె, మందారం వంటి చెట్లూ మొక్కలూ నాటింది. అదే ట్రస్టు 2013 నుంచి మన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పనిచేసింది. అక్కడి మెట్లబావులను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. నైపుణ్యంలో వీటిని మించినవి మన దేశంలో తక్కువ. వాటిని చూసి చిన్న సంస్థలు నేర్చుకోవలసింది చాలా ఉంది. అయితే ట్రస్టుకున్న సొమ్మూ ఏళ్ల తరబడి నిలబడే బలమూ బస్తీకి ఉండవు. బస్తీకి ఉండేది మనుషులు.

మనుషులతో తోట ఎలా లేస్తుందో చూపించే కథ ఇంగ్లండులో ఉంది. కార్న్‌వాల్ ప్రాంతంలో హెలిగన్ అనే ఎస్టేటు తోటలు మొదటి ప్రపంచయుద్ధం తరవాత ముళ్లపొదల కింద కప్పబడిపోయాయి. 1990లో టిమ్ స్మిట్, ఆయన మిత్రులు, స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని మళ్లీ వెలికితీశారు. పాత మరుగుదొడ్డి గోడ మీద అప్పటి తోటమాలీలు రాసుకున్న సంతకాలూ, పక్కన 1914 ఆగస్టు అన్న తేదీ వాళ్లకు కనిపించాయి. ఆ మాలీల్లో చాలామంది యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. అంతటితో పునరుద్ధరణ దారి మారింది. ఎస్టేటు దొరల కథ పక్కకు జరిగి, మాలీల కథ ముందుకొచ్చింది.

ఈ ఒక్క సంగతి దగ్గర మన పనులన్నీ వెనకబడ్డాయి. సూరత్‌లో మలిక్ గోపీ పేరు ఉంది. మౌలాలిలో మహలకా బాయి పేరు ఉంది. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంట్లు ఉండిన కోఠీ రెసిడెన్సీని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వంటి సంస్థల సాయంతో బాగుచేశాక రెసిడెంటు కర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ప్రేమకథ ఎక్కడికక్కడ వినిపిస్తోంది. గోపీ తలావ్ రాళ్లు మోసినవాళ్లు, మహలకా తోటలో మోట తోలినవాళ్లు, రెసిడెన్సీ మామిడితోటకు నీళ్లు పెట్టినవాళ్లు ఏ ఫలకం మీదా లేరు. ఈ లోటు చరిత్రకు న్యాయం చేయడం కోసం మాత్రమే చెప్పడం లేదు. లింబాయత్ మగ్గం కార్మికుడు మలిక్ గోపీకి వారసుడు ఎలా అవుతాడు? గోపీ కులమేమిటి, కలిమి ఏమిటి, ఇతని బతుకేమిటి? కానీ చెరువు తవ్విన కూలీకి ఇతను సూటిగా వారసుడు. మౌలాలి బస్తీలో పొద్దున్నే నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడే అమ్మకు మహలకా బాయి దూరపు దేవత. మోట తోలిన మనిషి మాత్రం తన తాత లాంటివాడు. ఆ దగ్గరితనం కలిగించిన తోటకు కాపలా వెతకనక్కర్లేదు. మన ఫలకాల మీద కొలువులో వెలిగినవాళ్లను చూపించి, సామాన్య జనాన్ని మాత్రం 'రండి, శ్రమదానం చేయండి' అని పిలవడం సరికాదు.

జనం వస్తే చాలు, పని తనంతట తానే బాగా జరుగుతుందని కూడా అనను. ఒక ఆదివారం వందమంది వచ్చి నాటిన మొక్కల్లో సగం మరుసటి నెలకే ఎండిపోవడం చూడని ఊరుందా? మొక్క ఎంపిక కూడా తెలిసి చేయవలసిన పనే. హైదరాబాదులోనూ సూరత్‌లోనూ రోడ్ల పక్కనా పార్కుల్లోనూ కోనోకార్పస్‌ను విచ్చలవిడిగా నాటారు. నీళ్లు తక్కువైనా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు, తొందరగా ఎదుగుతుంది. తరవాత దాని వేళ్లు పైపుల్లోకి పోవడం, పుప్పొడి వల్ల ఊపిరి ఇబ్బందులు రావడం మీద ఆందోళన మొదలై, తెలంగాణ దాన్ని నాటడం మానింది. 2023లో గుజరాత్ అటవీ శాఖ నిషేధించింది. పాత తోటలో కొరియన్ గడ్డి పరచడం కూడా అలాంటి తొందరే. దక్కన్ ఎండకు ఆ గడ్డి తాగే నీళ్లతో పది దానిమ్మ మొక్కలు బతుకుతాయి. చార్‌బాగ్‌లో అసలు ఉన్నదీ గడ్డి మైదానం కాదు. పునరుద్ధరణ పేరుతో చెట్లను కొట్టి గడ్డి పరిచిన ప్రతిచోటా తోట పోయి పార్కు మిగిలిందని నా అభిప్రాయం.

జనం తోటకు వారసులు కావడం అంటే కొన్నిసార్లు పార పట్టడమే కాదు, అడ్డం నిలబడటం కూడా. హైదరాబాదులో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవే ఇవాళ కేబీఆర్ పార్కు. నిజాముల అసఫ్‌జాహీ కుటుంబానికి చెందిన ఆ ఆవరణ చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టాలనుకున్నప్పుడు, 2016లో అక్కడ రోజూ నడిచేవాళ్లు చేతులు కలిపి చుట్టూ నిలబడ్డారు. వాళ్లెవరూ ఆ తోటను బాగుచేయలేదు. ఏళ్ల తరబడి నడిచి నడిచి ఆ చెట్లతో బంధుత్వం కలుపుకున్నారు. వీళ్లు బన్సీలాల్‌పేట బస్తీ పక్షం కన్నా వేరే వర్గం, వేరే సౌకర్యం ఉన్న జనం. అయినా వారసత్వం పుట్టే దారి రెండుచోట్లా ఒకటే. రోజూ రావడం, రోజూ చూడటం.

ఈ లెక్కన చూస్తే సూరత్ దగ్గర హైదరాబాదుకు లేని ఒక పెద్ద ఆస్తి ఉంది. ఎస్.ఆర్. రావు కాలం నుంచి నిలబడ్డ నగరపాలక సంస్థ. హైదరాబాదులో స్వచ్ఛంద సంస్థ బావిని బాగుచేశాక దాని కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర కూడా పని ఆగిపోగలదు. సూరత్‌లో అలాంటి భయం తక్కువ. కొరవడింది మనుషుల పక్షం మాత్రమే. ఆ పక్షంగా ముందుకు రావడానికి అక్కడి తెలుగువాళ్లకు నా దృష్టిలో ఒక మంచి కారణం ఉంది. అదే బతుకమ్మ.

బతుకమ్మకు పువ్వులు కావాలి, చెరువు కావాలి. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడిపువ్వు వరస వరసగా పేర్చి ఆడి, చివరికి నీళ్లలో కలపాలి. పల్లెలో ఉన్నప్పుడు పొలం గట్ల మీద పూసే పువ్వును పట్నంలో కొనుక్కోవలసి వస్తుంది. సూరత్ తెలుగు ఆడపడుచులు ఎన్నో ఏళ్లుగా ఆ ఊళ్లో బతుకమ్మ ఆడుతున్నారు. తంగేడు గుజరాత్ నేలకు కొత్తది కాదు, అక్కడ ఆవళ్ పేరుతో ఎండ నేలల్లో తనంతట తానే పెరిగేదే. గోపీ తలావ్ తోటలో ఒక మడి తంగేడుకూ ఒక మడి గునుగుకూ కేటాయించి, ఆ మడులకు నీళ్లు పెట్టే బాధ్యత లింబాయత్ తెలుగు సంఘాలకు అప్పగించి, ఆ పువ్వుతో ఆ కట్టమీదే సద్దుల బతుకమ్మ ఆడుకోనిస్తే నగరపాలక సంస్థకు పోయేదేమీ లేదు. ఆ రోజుల్లో టిక్కెట్టు తీసేయాలి. పువ్వులను చెరువులోంచి మళ్లీ తీసి ఎరువు చేసే ఏర్పాటు కూడా ఆ సంఘాల చేతే చేయించాలి. అదే పద్ధతిలో మరాఠీ వాళ్లు, ఒడియా వాళ్లు, సౌరాష్ట్ర వాళ్లు తమ తమ పండగకు కావలసిన మొక్కలతో తలా ఒక మడి తీసుకోవచ్చు. అప్పుడు మలిక్ గోపీ చెరువుకు నలుగురు చుట్టాలు ఏర్పడతారు.

కతార్‌గామ్ డచ్చి శ్మశానానికీ ఇలాంటి దారి ఉంది. 'హోర్తుస్ మలబారికుస్' మొదటి సంపుటం కొబ్బరితో మొదలవుతుంది. రేల, సంపెంగ వంటివన్నీ అందులో ఉన్నాయి. కేరళలో కె.ఎస్. మణిలాల్ జీవితమంతా వెచ్చించి ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకీ మలయాళంలోకీ తెచ్చాడు కనుక ఏ మొక్క ఏదో ఇప్పుడు తేల్చుకోవడం కష్టం కాదు. సూరత్ వేడికి తట్టుకునే వాటిని ఎంచి, ఆ వాటిక ఆవరణలో పురావస్తు శాఖ ఒప్పుకున్న చోట, సమాధుల పునాదులకు వేరు తగలనంత దూరంలో నాటవచ్చు. నాటే పని నగరపాలక సంస్థ బడి పిల్లలకు ఇవ్వాలి. గుజరాతీ, మరాఠీ, ఒడియా, ఉర్దూ, హిందీ, తెలుగు మాధ్యమాల పిల్లలందరికీ తలా కొన్ని మొక్కలు. ప్రతి మొక్క పక్కన ఆయా భాషలో దాని పేరుతో పాటు, వాన్ రీడ్ పేరు చిన్నగా, ఇట్టి అచ్యుతన్ పేరు పెద్దగా రాయించాలి. నీళ్లు పెట్టే వంతుల పట్టిక బడి గోడకు అంటించి, సంస్థ ఇంజినీరు అంచనా పత్రంలో ఆ పట్టికను కూడా ఒక భాగంగా చేర్చాలి. అంచనా పత్రంలో లేని పనికి మన ఊళ్లలో రెండో ఏడు డబ్బు రాదు.